సీసం మోగదు

డెల్మర్ స్లోన్ చెవి సంగతి ఆ కెంటకీ కొండల్లో ఎవర్నడిగినా చెబుతారు. టైర్లకు బిగించే బ్యాలెన్సింగ్ బిళ్లలు ఓ బకెట్టెడు తెచ్చి అతని ముందు బోర్లించండి. ఒక్కొక్కటే తీసి సిమెంటు గచ్చు మీద పడేస్తాడు. ఠంగుమని మోగిందా, ఇనుమో జింకో, అవతల పారెయ్. చప్పుడు లేకుండా టప్పున పడిందా, అది సీసం. అప్పటికీ అనుమానం తీరకపోతే బొటనవేలి గోరుతో గీస్తాడు. గోరుకు లొంగితే మెత్తసీసం, కొంచెం మొరాయిస్తే గట్టిసీసం. ఇంతే విద్య. ఇంతేనా అనకండి, ఒక్క జింకు బిళ్ల కళ్లుగప్పి పాత్రలో పడిందంటే కరిగిన సీసమంతా సంకటిలా ముద్దకట్టి కూర్చుంటుంది. ఆ సీసంతో పోసిన తూటాలు గుంటలు పడి, ముడతలు పడి, ఎందుకూ కొరగావు. డెల్మర్ పాత్రలో ముప్పై ఏళ్లుగా ఒక్క జింకు బిళ్ల పడలేదు. దుప్పుల వేట మొదలవడానికి ఇంకా మూడు వారాలుంది. కొన్న తూటాతో దుప్పిని కొట్టడమంటే అతనికి నామోషీ.

ఆ సోమవారం పొద్దున కూడా షెడ్డులో స్టూలు మీద కూర్చుని బిళ్లలు ఏరుతున్నాడు. కూతురు మార్లా ఫోను పట్టుకుని వచ్చి గుమ్మం బయటే ఆగింది. ముప్పై ఒకటి దాటిన మనిషి, ఐదో నెల కడుపు. షెడ్డు గుమ్మం దాటకూడదన్నది ఆమె తల్లి ఓపల్ పెట్టిన నియమం. ఓపల్ పోయి ఐదేళ్లయినా ఆ నియమం మాత్రం పోలేదు.

"నాన్నా, ఒకసారి ఇలా రా. ఆసుపత్రి నర్సు. నీతో మాట్లాడాలంట."

"నాతో ఏం పని ఆవిడకి? కడుపుతో ఉన్నది నువ్వా, నేనా?"

మార్లా నవ్వలేదు. ఆ మొహం చూడగానే డెల్మర్ చేతిలోని బిళ్ల వదిలేశాడు. ఇంతకు ముందు రెండుసార్లు చూశాడా మొహాన్ని. మూడేళ్ల కిందట ఒకసారి, పోయినేడు ఒకసారి. రెండు కడుపులూ నాలుగో నెలలోనే పోయాయి. ఈసారి ఐదులోకి వచ్చిందని పోయిన వారమే తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఊపిరి పీల్చుకున్నారు.

చేతులు తుడుచుకుని ఫోను అందుకున్నాడు.

"డెల్మర్ గారూ, నా పేరు వెల్మా అండీ. కంగారు పడకండి" అంది నర్సు. కంగారు పడకండి అనే వాళ్ల నోటి నుంచి ఎప్పుడైనా మంచి మాట వచ్చిందా? "మీ అమ్మాయి రక్తంలో సీసం ఉంది. మూడు దాటితేనే మేం ఆలోచిస్తాం. ఈ అమ్మాయికి పంతొమ్మిది వచ్చింది."

"సీసమా?"

"అవునండీ. తల్లి రక్తంలో ఉన్నది బిడ్డకు పోతుంది. అడ్డుకునేది ఏదీ లేదు. మీ ఇంట్లో ఎవరైనా సీసంతో పని చేస్తారా?"

డెల్మర్ తన ముందున్న బకెట్టు వంక చూశాడు. నిండా సీసం. గోడవారన సీసం దిమ్మలు. బల్ల మీద నిన్న పోసిన తూటాలు, కడిగిన చింతగింజల్లా వరసగా.

"నేను... తూటాలు పోసుకుంటానండీ. వేటకి. కానీ ఇంట్లోకి రానివ్వను. ఒట్టు. బట్టలు వేరు, బూట్లు వేరు. బయట కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంటే గాని గడప తొక్కను. ముప్పై ఏళ్లుగా ఇంతే."

"మంచిదే. కానీ ఎక్కణ్ణుంచో వెళ్తోంది కదా? పాత ఇంటి రంగులు, గొట్టాలు, పింగాణీ పళ్లాలు, అన్నీ చూడండి. నేను గురువారం మిషను తెచ్చి పరీక్ష చేస్తాను. అప్పటికీ ఎక్కడో తేలకపోతే అమ్మాయిని ఆ ఇంట్లోంచి తీసుకెళ్లిపోవాలి. ఎంత తొందరగా ఆపితే బిడ్డకు అంత మంచిది. ఆపితే తగ్గుతుంది. ఆ మాట మాత్రం గుర్తుపెట్టుకోండి."

ఫోను పెట్టేశాక మార్లా అడిగింది, "ఏమంది?"

"నీతో చెప్పింది కదా."

"నాతో చెప్పినప్పుడు సగం వినపడలేదు నాన్నా. చెవుల్లో ఒకటే హోరు." రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. "మళ్లీ నేనేదో చేశాను. ఏం చేశానో కూడా తెలీదు. మొదటిసారి కోళ్ల ఫ్యాక్టరీలో పెట్టెలు మోశాను. రెండోసారి ఏమీ మొయ్యలేదు, పడుకునే ఉన్నాను, అయినా పోయింది. నా ఒళ్లే అంత. బిడ్డని నిలుపుకోవడం దీనికి చేతకాదు."

"ఛ, నోర్ముయ్. ఏం మాటలవి?"

అని కసిరాడు. ఆమె మొగుడు డారెల్ నదిలో సరుకు పడవల మీద పని చేస్తాడు. నెల రోజులు నీటి మీదుంటే నెల రోజులు ఇంట్లో ఉంటాడు. అతను పడవలో ఉన్న రోజుల్లో ఈ పిల్లకు తండ్రి తప్ప దిక్కెవరు? ఒంటరిగా ఉంటే భయమని, కడుపు తెలిసిన దగ్గర్నుంచీ ఇక్కడే ఉంటోంది. ఇక్కడైతే క్షేమం అనుకుని వచ్చిన పిల్ల.

ఆ మాట తలపుకొచ్చేసరికి డెల్మర్ ఇక ఆగలేకపోయాడు.

ముందు షెడ్డు పని కట్టిపెట్టాడు. ఒంటి మీది బట్టలు లోపలే విప్పేసి, తాళం వేసి, చెంబెడు చన్నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని, అక్టోబరు చలిలో గజగజలాడుతూ ఇంట్లోకి వచ్చాడు. తర్వాత జేబుకత్తి, ఒక తెల్ల కాగితం పట్టుకుని సొంత ఇంటి మీదే పడ్డాడు. తుక్కు సరుకును ఎలా పరీక్షిస్తాడో ఇంటిని అలాగే పరీక్షించాడు. గోకడం, గీయడం, కాగితం మీద రుద్దడం, చెవి దగ్గర పెట్టుకుని కొట్టి చూడడం. సీసమైతే కాగితం మీద పెన్సిలు గీతలా నల్లటి చార పడుతుంది.

కిటికీల రంగు గోకాడు. అది ఓపల్ ఉన్నప్పుడు కొత్తగా వేయించిందే. సింకు కింద దూరి గొట్టాలు చూశాడు. అన్నీ ప్లాస్టిక్కువి. చెంచాలు, గరిటెలు, మూకుళ్లు ఒక్కొక్కటే గచ్చు మీద పడేశాడు. ఠంగు, ఠంగు, ఠంగు. ప్రతిదీ మోగింది. మామూలప్పుడైతే మోగిన దాన్ని ఛీ అని విసిరేసే మనిషి. ఇవాళ మోగిన ప్రతిదానికీ దేవుడికి దండం పెట్టుకున్నాడు.

"వంటిల్లంతా పీకి పందిరేస్తున్నావేంటి?" అంది మార్లా.

"నువ్వు కూర్చో. లేవకు. దేన్నీ ముట్టుకోకు."

"ముట్టుకోకుండా తిండెలా తినను?"

మధ్యాహ్నం ఎస్టిల్ వచ్చాడు. కింద రోడ్డులో టైర్ల కొట్టు అతనిది. డెల్మర్‌తో కలిసి చదువుకున్నవాడు, కలిసి గనిలో దిగినవాడు. కొట్టులో పీకేసిన బిళ్లలన్నీ బకెట్లకెత్తి డెల్మర్‌కు తెచ్చిపెడతాడు, బదులుగా దుప్పి మాంసం పట్టుకుపోతాడు. బండి దిగుతూనే అరిచాడు.

"ఒరేయ్ ముసలాడా! బంగారం లాంటి సరుకు తెచ్చాను. ఈసారి ఒక్క జింకు ముక్కున్నా నా చెవి కోయించుకుంటా."

"వెనక్కి పట్టుకుపో. బండిలోంచి దింపకు."

"ఏం, పూనకం గాని వచ్చిందా?" అంటూ దగ్గరికి వచ్చి డెల్మర్ మొహం చూసి, ఏమైందో చెప్పమన్నాడు.

సంగతంతా విన్నాక ఎస్టిల్ వరండా మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నీ రక్తం తీస్తే మాత్రం నేరుగా అచ్చులో పోసుకోవచ్చురా, తూటా దిగుతుంది" అన్నాడు. నవ్వించాలని అన్నాడు పాపం, ఇద్దరికీ నవ్వు రాలేదు. "పిల్ల షెడ్డులోకి రాదు కదా?"

"రాదు. చిన్నప్పట్నుంచీ రాదు."

"మరి దానికెలా పోయిందిరా?"

"అదే తెలిస్తే నీతో ఇలా కూర్చుంటానా?"

సాయంత్రం నాలుగింటికి దొరికింది. దొరికిందనే అనుకున్నాడు. హాల్లో అల్మారా పైన ఓపల్ వాళ్ల అమ్మమ్మ కాలం నాటి కూజా ఒకటుంది, మాసిపోయిన వెండిలా ఉంటుంది. కాగితం మీద రుద్దితే నల్లటి చార పడింది! గోరుతో గీశాడు, లొంగింది. కొట్టి చూశాడు, మోగలేదు. సీసం! డెల్మర్‌కు ఒక్కసారిగా కళ్లలో నీళ్లు తిరిగాయి. తను కాదు. తన షెడ్డు కాదు. ఎప్పుడో వందేళ్ల కిందట చచ్చిపోయిన ఎవడో కంసాలి చేసిన పాపం. ఆ కూజాను పైకెత్తి చంటిపిల్లను మోసినట్టు మోసుకొచ్చాడు.

"ఇదిగో! ఇదే! దీంట్లో నీళ్లు పోసుకుని తాగుతున్నావు కదూ?"

మార్లా కూజాను చూసింది, తండ్రిని చూసింది. "నాన్నా, దాంట్లో బొత్తాలున్నాయి. అమ్మ బొత్తాలు. నేనెప్పుడూ దాన్ని దించనే లేదు."

అతను కూజాను తల్లకిందులు చేశాడు. బొత్తాలు జలజలా నేల మీద పడి నలుమూలలకూ దొర్లిపోయాయి. వంగి ఏరబోయిన మార్లాను వద్దని ఆపి, మోకాళ్ల మీద పాకుతూ తనే ఏరాడు. ఇంట్లో ఇంక చూడనిదంటూ ఏమీ మిగల్లేదు. కనిపించే శత్రువైతే తుపాకీ తీయొచ్చు, కనిపించని దాన్ని ఏం చేస్తాడు?

మంగళవారం పొద్దున రోజూలా షెడ్డుకు వెళ్లలేదు. అసలు మామూలుగా అతను తెల్లారగానే షెడ్డుకు పోయి, ఏడున్నరకు కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద బుట్టలో గుడ్డ కప్పి మొక్కజొన్న మఫిన్లు ఉంటాయి. మజ్జిగ పోసి కలిపిన పిండి, అచ్చం తల్లి చేతి రుచి. రెండు తింటాడు. కడుపుతో ఉన్నప్పటి యావ, ఆ పిల్ల నాలుగైదు తింటుంది. ఆ రోజు మాత్రం మంచం దిగి నేరుగా వంటింట్లోకి వచ్చాడు.

ఓవెన్ తలుపు తెరిచి ఉంది. మార్లా రెండు చేతులకూ గుడ్డ చుట్టుకుని, మఫిన్లు కాల్చే గుంటల రేకు బయటికి తీస్తోంది. అతన్ని చూసి ఉలిక్కిపడి, రేకును ఒంటితో కప్పేయబోయింది.

"ఇంత పొద్దున్నే లేచావేంటి?"

డెల్మర్ ఆ రేకు వంకే చూశాడు. పన్నెండు గుంటల రేకు. ఒక అంచున సొట్ట. ఆ రేకును అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు. షెడ్డు వెనక చూరు కింద మేకుకు వేలాడే నాలుగు రేకుల్లో అదొకటి. ఏటా ఎండాకాలం బిళ్లలన్నీ ఒకేసారి కరిగించి, పైన తేలే చిట్టెం తీసేసి, సీసాన్ని ఆ గుంటల్లోనే పోస్తాడు. చల్లారాక బోర్లిస్తే గుండ్రటి దిమ్మలు రాలతాయి. తూటాలు పోసుకునే ప్రతివాడూ చేసే పనే, పాత సామాన్ల అంగట్లో ఆ రేకు కనిపిస్తే ఎవడూ వదలడు.



"ఎన్ని తిన్నావు?"

"ఇంకా దించనే లేదు కదా..."

అతను రెండంగల్లో వచ్చి రేకు లాక్కున్నాడు. ఉత్త చేతులతో. అరచేతులు చుర్రుమన్నాయి, అయినా వదల్లేదు. మఫిన్లన్నీ చెత్తబుట్టలో బోర్లించేశాడు.

"నాన్నా! చేతులు! ఏమైంది నీకు?"

"చెయ్యి జారింది" అన్నాడు. చెత్తబుట్ట దగ్గరకు నడిచి వెళ్లి, బోర్లించి, పైగా చెయ్యి జారిందట! అంతకన్నా చేతకాని అబద్ధం ఆ ఇంట్లో ఎవరూ ఆడి ఉండరు. "ఇవాళ రొట్టె తిను. గుడ్లు తిను. ఈ రేకు... దీంతో పనుంది నాకు."

"తీసేసుకుంటావని తెలుసు" అంది మార్లా నెమ్మదిగా, తలొంచుకుని. "సారీ నాన్నా."

ఆమె సారీ ఎందుకు చెప్పిందో అతనికి అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది. బయటికి వచ్చేశాడు.

షెడ్డులో దీపం కింద రేకు పెట్టుకుని చూశాడు. శుభ్రంగా తోమి ఉంది. ఇనప పీచుతో రుద్దిన గీతలు కనిపిస్తున్నాయి. కానీ గుంటల మడతల్లో, గోరు కొన పట్టేంత చోట, బూడిదరంగు మెరుపు. ఒకటి కాదు, పన్నెండు గుంటల్లోనూ. బొటనవేలితో గీశాడు. లొంగింది. ముప్పై ఏళ్లుగా చప్పుడును బట్టి సీసాన్ని పట్టేసే మొనగాడు, రోజూ పొద్దున దాన్ని వెన్న రాసుకుని తిన్నాడు. చాలా బాగుంది తల్లీ, ఇంకోటి వెయ్యి అన్నాడు. అలా అన్న ప్రతి పొద్దునా గుర్తొచ్చింది. తలుపు బయటికి పోయి కక్కుకున్నాడు.

రేకు తీసుకుని ఎస్టిల్ కొట్టుకు బండి తోలుకుపోయాడు. ఎస్టిల్ రేకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెప్పావా దానికి?"

"లేదు."

"చెప్పకు." ఎస్టిల్ గొంతు తగ్గించాడు. "నా మాట విను. దీన్ని నలగ్గొట్టి వాగులో పారేద్దాం. గురువారం నర్సొస్తే, నిన్న దొరికిందన్నావే, ఆ కూజా చూపించు. అందులో సీసం ఉన్న మాట నిజమే కదా? అదే అనుకుంటారు. ఇవాళ్టి నుంచీ పిల్ల ఒంట్లోకి పోదు. రక్తం తగ్గుతుంది. అంతా సద్దుమణుగుతుంది. నీ చేత్తో నువ్వే పెట్టావని దానికి తెలిసి ఎవడికి లాభం? ఇప్పటికే సగం చచ్చి ఉంది."

"సగం చచ్చి ఉంది నిజమే" అన్నాడు డెల్మర్.

"నీకున్నది అదొక్కతే. ఆ పిల్ల డారెల్ వాళ్లమ్మ దగ్గరికి ఒహాయో వెళ్లిపోయి, మళ్లీ ఈ గడప తొక్కకపోతే నీ గతేం కాను? ఆ పుట్టేవాణ్ణి నీకు చూపిస్తారా?"

అసలు భయం అదే. దాన్ని ఎస్టిల్ నోట వినేసరికి ఇంకా పెద్దదైంది. తిరిగొచ్చేటప్పుడు వంతెన మీద బండి ఆపాడు. రేకు పక్క సీట్లో ఉంది. కింద వాగు నిండుగా పారుతోంది. కిటికీ దించి విసిరితే చాలు. దించాడు కూడా. చేత్తో పట్టుకున్నాడు. అంత తేలికైన వస్తువు, ఎంతసేపటికీ చెయ్యి లేవలేదు. తను చెప్పకపోతే ఆ పిల్ల బతికున్నంతకాలం తన ఒంటినే తిట్టుకుంటూ ఉంటుంది. చెబితే తనను తిట్టుకుంటుంది. ఇందులో ఏది తట్టుకోవచ్చో కాసేపు ఆలోచించాడు. ఆలోచించడానికి ఏముంది? వెనక ఎవడో హారను కొట్టాడు. డెల్మర్ కిటికీ ఎత్తేసి ఇంటికి తోలుకొచ్చాడు.

మార్లా వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అతను రేకును ఆమె కాళ్ల దగ్గర మెట్టు మీద పెట్టి, కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"దీంట్లో నేను సీసం పోస్తాను."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"మీ అమ్మ పోయిన మరుసటి ఏడు ఎండాకాలం దిమ్మలు పొయ్యడానికి రేకు సరిపోలేదు. వంటింట్లోకి పోయి ఇది తీసుకున్నాను. ఇంక ఈ ఇంట్లో ఎవరు వండుతారులే అనుకున్నాను. ఇది మీ అమ్మదన్న సంగతి కూడా మర్చిపోయాను తల్లీ. ఏటా పోస్తూనే ఉన్నాను."

"ఇది సీసం కోసమా?" మార్లా మాట వినపడీ వినపడనట్టుంది. "నేనేమో... ఇది చూస్తే అమ్మ గుర్తొస్తుందని, వంటింట్లో చూడలేక నువ్వు బయట మేకుకు తగిలించావనుకున్నాను. అందుకే నువ్వు షెడ్డులో ఉన్నప్పుడు తెచ్చి, తోమి, వండి, నువ్వు వచ్చేలోపు కడిగి నా మంచం కింద దాచేసేదాన్ని. ఇంటికి వెళ్లేటప్పుడు మళ్లీ మేకుకే తగిలించి వెళ్లేదాన్ని. నీకు బాధ కలగకూడదని."

అందుకా పొద్దున సారీ చెప్పింది! డెల్మర్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. వసంతంలో చూరు కింద రేకు తళతళలాడుతూ కనిపిస్తే వానకు కడుక్కుపోయిందిలే అనుకున్నాడు. దాంట్లోనే మళ్లీ సీసం పోశాడు.

"నాన్నా."

"ఊఁ."

"వెళ్లేటప్పుడల్లా తగిలించేదాన్ని అన్నాను. విన్నావా?"

విన్నాడు. ఆమె దేన్ని అడగబోతోందో తెలిసి, అడక్కుండా ఉంటే బాగుండునని లోలోపల వేడుకుంటూ కూర్చున్నాడు.

"మూడేళ్ల కిందట, మొదటిసారి, ఇక్కడే ఉన్నాను. వేవిళ్లని వచ్చాను. పోయినేడు కూడా ఇక్కడే ఉన్నాను, మంచం దిగొద్దన్నారని. రెండుసార్లూ ఇవే చేసుకుని తిన్నాను. ఇంకేమీ ఇమిడేవి కావు నాకు." ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. ఏమీ లేకపోవడమే అతనికి ఎక్కువ భయం వేసింది. "అప్పటికే దీంట్లో సీసం పోస్తున్నావా?"

లేదు అనొచ్చు. ఒక్క మాట. ఏ ఏడు పోశాడో, ఏ ఏడు పొయ్యలేదో ఎవరికి తెలుసు? ఎస్టిల్ కూడా చెప్పడు.

"పోస్తున్నాను" అన్నాడు డెల్మర్. "రెండుసార్లప్పుడూ."

చిక్కుడుకాయల గిన్నె ఆమె ఒళ్లోంచి జారి మెట్ల మీద పడి దొర్లింది. ఇద్దరూ తీయలేదు. అతను తల ఎత్తలేదు. తిడుతుందని, కొడుతుందని, లేచి వెళ్లి బట్టలు సర్దుకుంటుందని ఎదురుచూశాడు. ఏది చేసినా న్యాయమే. వెనక కుర్చీ కిర్రుమంది. ఆమె లేచి నిలబడింది.

"అయితే నేను కాదు" అంది.

అతనికి అర్థం కాలేదు.

"నా ఒళ్లు కాదు. నేను మోసిన పెట్టెలు కాదు. నేను..." అప్పుడు వచ్చింది ఏడుపు. మూడేళ్లు అదిమిపెట్టిన ఏడుపు. స్తంభం పట్టుకుని, పొట్ట పట్టుకుని, పసిపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. "నాదేం తప్పు లేదు!"

"నీదేం తప్పు లేదమ్మా. అంతా దానివల్లే అని నర్సు కూడా తేల్చి చెప్పలేకపోవచ్చు గాని, నీ తప్పు మాత్రం కాదు. నాది."

ఆమె ఆ చివరి మాట విన్నట్టు లేదు. కళ్లు తుడుచుకుంటూ జాలీ తలుపు తోసుకుని లోపలికి పోయింది. నర్సు నంబరు నొక్కడం వినిపించింది, రేకు సంగతి చెప్పడం వినిపించింది. దొరికింది, ఆపేశాం, అవును, ఇవాళ్టి నుంచే, పొద్దున్నించీ కదులుతూనే ఉంది, బాగానే కదులుతోంది. తర్వాత ఇంకో నంబరు. పడవ మీదున్న డారెల్‌కు.

"డారెల్, నేను కాదంట" అంటోంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "రెండుసార్లూ నేను కాదంట. వింటున్నావా? నేను కాదు." మరెవరని అవతల అతను అడిగినట్టుంది. గొంతు తగ్గించి చెప్పింది. "నాన్న."

డెల్మర్ కాలిన అరచేతులు ఒళ్లో పెట్టుకుని ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. లోపల ఫోను పెట్టేసిన చప్పుడైంది. ఆమె అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. బయటికి వస్తుందో, వెనక్కి తిరుగుతుందో చూడడానికి తల తిప్పే ధైర్యం అతనికి లేకపోయింది.